మన లాన్ చెడకుండా మొండి కలుపు తీయడం ఎలా?

వార్షికోత్సవం దగ్గర పడిందంటే మన హాస్టల్‌లో శ్రమదానం మొదలు. గోడలకు సున్నం, గేటుకు రంగు, లాన్ చుట్టూ కలుపుతీత. సున్నం, రంగు ఏడాది నిలుస్తాయి. కలుపు మాత్రం అతిథులు వెళ్ళిన పది రోజులకే మళ్ళీ తలెత్తుతుంది. ఇంటర్ చదివేటప్పుడు నాకు విసుగొచ్చి, మెస్‌లోంచి రాళ్ళ ఉప్పు తెచ్చి నీళ్ళలో కలిపి బార్డర్ పొడవునా పోశాను. కలుపు మాడింది. దాంతోపాటు బంతి మొక్కలూ, అడుగు వెడల్పున లాన్ కూడా పోయాయి. నెల తిరక్కుండా తుంగ ఒక్కటే మళ్ళీ మొలిచింది! తమ్ముళ్ళు ఆ తప్పు చేయకూడదని ఈ నాలుగు మాటలు.

ముందు తుంగ సంగతి. చూడ్డానికి గడ్డిలాగే ఉంటుంది కానీ గడ్డి కాదు. కాడను వేళ్ళ మధ్య తిప్పితే మూడు పలకలుగా తగులుతుంది. భూమిలో దీని గడ్డలు గొలుసులా అల్లుకుని ఉంటాయి. పైన పట్టి లాగితే గొలుసు తెగి, అప్పటిదాకా నిద్రలో ఉన్న గడ్డలు కూడా మొలకెత్తుతాయి. అంటే మనం ఏటా పీకింది కాదు, పెంచింది! నల్ల ప్లాస్టిక్ కప్పినా పొడుచుకుని పైకి వస్తుంది. దీనికి పడనివి రెండు: ఎండు, నీడ. ఎండాకాలంలో బార్డర్ ఖాళీగా ఉన్నప్పుడు గునపంతో జానెడు లోతు తవ్వి, దొరికిన గడ్డలు ఏరి బండ మీద ఎండబెట్టాలి. తవ్విన మట్టికి కొన్నాళ్ళు నీళ్ళు పెట్టకూడదు. వానలు పడ్డాక పూలమొక్కలు ఒత్తుగా నాటితే నీడకు తుంగ నీరసిస్తుంది. మిగిలిన మొలకలను కొత్త గడ్డలు కట్టకముందే, రెండు వారాలకోసారి ఖుర్పీతో తవ్వి తీయాలి. ఒక్క ఏడాదిలో అయ్యే పని కాదు.

గరిక సంగతి వేరు. లాన్‌లో ఉంటే మనకు ముద్దు, పూలపాదులోకి పాకితే అదే కలుపు. లాన్‌కూ బార్డర్‌కూ మధ్య జానెడు లోతు గాడి తీసి, పగిలిన షాబాద్ బండ ముక్కలు నిలువుగా పాతితే చాలావరకు ఆగుతుంది. పైనుంచి దాటే తీగలను కొడవలితో కోసేయాలి.

అన్నిటికన్నా జాగ్రత్త వయ్యారిభామతో. నాగోల్ మెట్రో దిగి నడిచి వచ్చేవాళ్ళు ఖాళీ ప్లాట్లలో తెల్లపూలతో దీన్ని చూసే ఉంటారు. 1955లో పుణెలో మొదట గుర్తించారు. అమెరికా గోధుమలతో వచ్చిందని అంటారు. వట్టి చేతులతో పట్టుకుంటే దురద, దద్దుర్లు రావచ్చు. పుప్పొడి ఆయాసం ఉన్నవారికి ప్రమాదం. కాబట్టి అలాంటి పిల్లలను ఈ పనికి పంపవద్దని నా మనవి. చేతులకు గ్లౌజులు లేకపోతే ప్లాస్టిక్ కవర్లు, ఒంటికి ఫుల్ చేతుల చొక్కా ఉండాలి. వాన పడి నేల మెత్తబడ్డాక, పూత రాకముందే వేరుతో సహా పీకాలి. పూసిందాన్ని ఎరువు గుంటలో వేస్తే వేల విత్తనాలు మళ్ళీ తోటకే చేరతాయి. ఆకులు తినే గీతల పెంకుపురుగు కనబడితే చంపకండి. దాన్ని మెక్సికో నుంచి తెప్పించి, 1984లో బెంగళూరు దగ్గర ఈ మొక్క మీదికే వదిలారు.

మందు కొడితే సరిపోదా అని కొందరు అడుగుతారు. గ్లైఫోసేట్‌కు కలుపు, లాన్ తేడా తెలియదు, పచ్చగా ఉన్నదాన్ని చంపుతుంది. పైగా పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడరాదని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. 2,4-డి గడ్డిని వదిలేస్తుంది కానీ, గాలికి పక్కకు పడితే మందార, బంతి ముడుచుకుపోతాయి. వందమంది పిల్లలు తిరిగే ఆవరణలో ఆ డబ్బాలు ఉండకపోవడమే మంచిది.

ఇక నేను ఉప్పు పోసిన చోటు ఏమైందంటారా? పై మట్టి తీసేసి కొత్త మట్టి నింపాం. కడవలతో నీళ్ళు పోసి పోసి మిగిలిన ఉప్పును కిందికి దింపాం. గడ్డి పిలకలు నాటితే మొదటి ఏడు సగమే బతికాయి. పూర్తిగా కమ్ముకోవడానికి రెండు వానాకాలాలు పట్టింది.