చేపతో పాటు ఇవ్వాల్సిన కాగితం

ఢిల్లీలోని ద్వారక సెక్టార్ మార్కెట్లలో చేపలు కొని బయటికొచ్చేవాళ్ల చేతుల్లో ఏముంటాయో ఒకసారి గమనించండి. రబ్బరు బ్యాండు బిగించిన ప్లాస్టిక్ సంచి, అందులో రెండు గోల్డ్ ఫిష్‌లు, ఒక మేత డబ్బా, ఒక నీలం మందు సీసా. చిన్నపిల్లలున్న ఇల్లయితే గుండ్రటి గాజు గిన్నె కూడా ఉంటుంది. ఆ చేప ఎంత పెరుగుతుంది, ఎన్నేళ్లు బతుకుతుంది, ఏ నీళ్లు పోయాలి అని చెప్పే కాగితం మాత్రం ఉండదు. మిక్సీ కొంటే వాడే పద్ధతి చెప్పే పుస్తకం ఇస్తారు, ప్రాణమున్న చేపను కొంటే ఏమీ ఇవ్వరు. ఇంగ్లండులో 2018 నాటి లైసెన్స్ నియమాల ప్రకారం పెంపుడు జీవుల్ని అమ్మే దుకాణం వాటి సంరక్షణ వివరాలు కొనేవారికి అందించి తీరాలి. అక్కడి 2006 జంతు సంక్షేమ చట్టమైతే 16 ఏళ్లు నిండని పిల్లలకు అమ్మడానికే ఒప్పుకోదు.

మా సెక్టార్‌లో ఒక దుకాణదారు తన దగ్గరకొచ్చే వాళ్లకోసం అలాంటి కరపత్రం రాసిపెట్టమని అడిగాడు. ముందుగా అందరికీ తోచేది జాగ్రత్తల జాబితా. కానీ అది చాలదు. కొనడానికి వచ్చేవాళ్ల మనసులో కొన్ని నమ్మకాలు అప్పటికే పాతుకుపోయి ఉంటాయి. వాటి జోలికి పోకుండా ‘వారానికోసారి నీళ్లు మార్చండి’ అని రాస్తే, తొట్టిలో నీళ్లన్నీ పారబోసి కొత్తవి నింపుతారు. చేపలు చచ్చిపోతాయి. అందుకే కరపత్రం ఆ నమ్మకాలతోనే మొదలవ్వాలి.

అపోహ: తొట్టి కొత్తది, నీళ్లు తేటగా ఉన్నాయి, ఇక చేపల్ని వదిలేయొచ్చు

ఎక్కువ చేపల్ని చంపేది ఈ నమ్మకమే. ఆదివారం తొట్టి, పంపు, రంగురాళ్లు, ఆరు చేపలు ఒకేసారి ఇంటికొస్తాయి. మూడు రోజులు బాగానే తిరుగుతాయి. నాలుగో రోజో ఐదో రోజో చేపలు నీటి పైభాగానికి చేరి నోళ్లు తెరుచుకుని ఎగపోస్తాయి. మొప్పలు కందిపోయి ఎర్రబడతాయి. నీళ్లు మాత్రం అద్దంలా మెరుస్తుంటాయి.

జరిగింది ఇదీ. చేప మొప్పల నుంచి, దాని మలం నుంచి, అడుగున కుళ్లే మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది కంటికి కనిపించదు. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ చేపకు విషాలే. నైట్రేట్ మితంగా ఉంటే పెద్దగా హాని చేయదు, నీళ్లు మార్చినప్పుడల్లా కొంత పోతుంది. ఈ బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ల మీద కాపురం పెట్టి పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త తొట్టిలో అవి ఉండవు కనుక విషం పేరుకుంటుంది. ఢిల్లీ నీళ్లలో క్షారగుణం ఎక్కువ. పీహెచ్ పెరిగే కొద్దీ అమ్మోనియా తీవ్రత కూడా పెరుగుతుంది కాబట్టి ఈ ముప్పు ఇక్కడ ఇంకాస్త ఎక్కువే.

చేప నీరసంగా ఉందని దుకాణానికి పరిగెత్తుకొస్తే ‘నీళ్లు మొత్తం మార్చేయండి’ అన్న సలహా దొరుకుతుంది. స్పాంజిని కొళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండుతారు. అప్పుడప్పుడే పుట్టుకొస్తున్న బ్యాక్టీరియా క్లోరిన్ దెబ్బకు పోతుంది, కథ మళ్లీ మొదటికి వస్తుంది. చేయాల్సింది వేరు. తొట్టి, ఫిల్టర్ ముందు కొనండి. నీళ్లు నింపి, ఫిల్టర్ ఆపకుండా నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండండి. నిలదొక్కుకున్న తొట్టి ఎవరింట్లోనైనా ఉంటే అక్కడి పాత స్పాంజి ముక్క తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి, పని త్వరగా అవుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ పరీక్ష కిట్‌లో సున్నా వచ్చాకే చేపలు, అవీ రెండు మూడు చొప్పున. తర్వాత వారానికోసారి పావు వంతు నీళ్లు మారిస్తే చాలు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే కడగాలి.

తొట్టి అమ్మిన రోజే చేపలు అమ్మనని చెప్పే దుకాణదారుకు ఆ పూట కొంత బేరం పోతుంది. కానీ అతని దగ్గర కొన్న చేపలు బతుకుతాయి, కొన్నవాళ్లు మళ్లీ వస్తారు.

అపోహ: చేప చనిపోతే ఇంటి దోషం అది తీసుకుపోయినట్టే

ఈ మాట ద్వారకలో హిందీలో వినిపిస్తుంది, మనవాళ్ల ఇళ్లలో తెలుగులో వినిపిస్తుంది. ఎనిమిది ఎర్రవి, ఒక నల్లది పెట్టాలని, నల్లది చచ్చిపోతే ఇంటి మీదికి రాబోయిన కీడు తప్పిందని చెబుతారు. ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురు మాట అంటారు: ‘మా ఇంటికి చేపలు అచ్చిరావండీ.’ రెండు మాటలూ చేప ఎందుకు చచ్చిందన్న ప్రశ్నను మూసేస్తాయి. ఎవరి నమ్మకాన్నీ తప్పుబట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ నల్ల చేపను చంపింది అమ్మోనియా. దోషం పోయిందని సంతోషించి ఇంకోటి తెచ్చి అదే నీళ్లలో వేస్తే అదీ పోతుంది. అచ్చిరాలేదని మానేసిన ఇంట్లో కూడా లోపం నీళ్లదే, ఇంటిది కాదు. అదృష్టం తెస్తుందని వేలు పోసి కొనే ఫ్లవర్‌హార్న్ సంగతీ చెప్పాలి. అది ఏ నదిలోనూ పుట్టలేదు. 1990లలో మలేసియాలో సంకరం చేసి పుట్టించిన చేప అది.

అపోహ: చిన్న గిన్నెలో పెడితే చేప చిన్నగానే ఉంటుంది

పెరుగుదల ఆగుతుందన్న మాట నిజమే. కానీ అది ఆరోగ్యం కాదు, మురికి నీళ్లలో కుంగిపోవడం. గోల్డ్ ఫిష్ జానెడుకు మించి పెరుగుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది. బ్రిటన్‌లో 1956లో ఒక సంతలో బహుమతిగా వచ్చిన టిష్ అనే గోల్డ్ ఫిష్ 43 ఏళ్లు బతికి 1999లో పోయింది. మన గాజు గిన్నెలో పట్టేవి మూడు నాలుగు లీటర్ల నీళ్లు. రోమ్ నగరం 2005లోనే గుండ్రటి గిన్నెల్లో గోల్డ్ ఫిష్ పెట్టడాన్ని నిషేధించింది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 55 లీటర్లు పడతాయి. చిన్న చేపలతో మొదలుపెట్టేవాళ్లకు అది సరిపోతుంది, గోల్డ్ ఫిష్‌కి మాత్రం కొన్నాళ్లలోనే అది కూడా ఇరుకవుతుంది.

ఫైటర్ చేపని జామ్ సీసాలో అమ్ముతారు కనుక దానికి అదే చాలనుకుంటారు. నీటి పైకొచ్చి గాలి పీల్చుకునే ప్రత్యేక అవయవం దాని తలలో ఉంది కాబట్టే సీసాలో ఊపిరి నిలుస్తోంది. బతకడానికి దానికీ పదిహేను ఇరవై లీటర్లు, వెచ్చని నీళ్లు కావాలి. మగ ఫైటర్లు రెండింటిని కలిపి పెట్టకూడదు.

అపోహ: మనం తాగే ఆర్‌ఓ నీళ్లే చేపకు మంచివి

ద్వారకలో నీళ్లు మూడు రకాలు. మునక్ కాలువ ద్వారా ద్వారక శుద్ధి కేంద్రానికి వచ్చి, అక్కడి నుంచి జల్ బోర్డు ఇచ్చే క్లోరిన్ కలిపిన నీళ్లు ఒకటి. సొసైటీ బోరు నీళ్లు రెండోది. ద్వారక ఉన్న నైరుతి ఢిల్లీలో భూగర్భజలం చాలాచోట్ల ఉప్పదనంతో ఉంటుంది. మూడోది వంటింటి ఆర్‌ఓ. క్లోరిన్ ఉన్న నీళ్లు తిన్నగా పోస్తే మొప్పలు కాలిపోతాయి. బకెట్‌లో పట్టి ఒక రోజు మూత లేకుండా ఉంచాలి, లేదా దుకాణంలో యాంటీ క్లోరిన్ పేరుతో దొరికే చుక్కల మందు కలపాలి. ఆర్‌ఓ నీళ్లలో చేపకు కావలసిన లవణాలు చాలావరకు ఉండవు, పీహెచ్ నిలకడగా ఉండదు. ఆ నీళ్లు మాత్రమే పోయడం చేపకు మేలు కాదు. బోరు నీళ్ల కఠినత్వం తగ్గించడానికి కొంత ఆర్‌ఓ కలపడం మంచి పద్ధతే.

నిజానికి కఠినమైన నీళ్లు అన్ని చేపలకూ చెడ్డవి కావు. మాలీలు, గప్పీలు అందులో హాయిగా ఉంటాయి. అమెజాన్ ప్రాంతపు మృదువైన నీళ్లకు అలవాటుపడిన నియాన్ టెట్రాలే ఇబ్బంది పడతాయి. నీళ్లను మార్చే తంటాకన్నా నీళ్లకు తగ్గ చేపను ఎంచుకోవడం సులువు.

అపోహ: నీళ్లలో ఉండే చేపకు చలేమిటి, ఎండేమిటి?

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చినవాళ్లు ఇక్కడే ఎక్కువ నష్టపోతారు. అక్కడ హీటర్ లేకుండా గడిచిపోతుంది. ఇక్కడ అలా కాదు. 2021 జనవరి 1న ఢిల్లీ వాతావరణ కేంద్రమున్న సఫ్దర్‌జంగ్‌లో కనిష్ఠం 1.1 డిగ్రీలు. 2024 మే నెలాఖరులో అక్కడే గరిష్ఠం 46 దాటింది. గప్పీ, ఏంజెల్, ఫైటర్ వంటివాటికి 24 నుంచి 28 డిగ్రీలుండాలి. చలికాలంలో లీటరుకు ఒక వాట్ లెక్కన థర్మోస్టాట్ హీటర్ పెట్టాలి, అంటే 50 లీటర్ల తొట్టికి 50 వాట్లు. చల్లని నీళ్ల జాతి అయిన గోల్డ్ ఫిష్ చలిని తట్టుకుంటుంది, మే నెలను తట్టుకోలేదు. ఈ రెండు రకాల చేపల్నీ దుకాణంలో ఒకే వరసలో పెడతారు, ఇంట్లో ఒకే తొట్టిలో వేస్తారు.

20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే కరుగుతుంది. అందుకే ఎండాకాలం కరెంటు పోయినప్పుడు చేపలు పైకొస్తాయి. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఐసు ముక్కలు వేయకండి, ఒక్కసారిగా చల్లబడటం వేడికన్నా చేటు. నీటి మీద గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పే చేప జీబ్రా డానియో. ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద రాసిన గ్రంథంలో 1822లో మొదటిసారి వర్ణించిన చేప ఇది. ఈ నేల మీది జీవి కనుక వేడికీ చలికీ చాలావరకు ఓర్చుకుంటుంది. ఆరింటికి తగ్గకుండా గుంపుగా ఉంచాలి.

అపోహ: సక్కర్ చేప ఒకటి వేస్తే తొట్టి అదే శుభ్రం చేస్తుంది, పెద్దదైతే చెరువులో వదిలేస్తే పుణ్యం

సక్కర్ నాచు గీకుతుంది, మలం తినదు. పైగా తనే బోలెడు మలం వేస్తుంది. రెండంగుళాల పిల్ల అడుగు దాటి పెరుగుతుంది. అప్పుడు దాన్ని నజఫ్‌గఢ్ కాలువలోనో, ఊరి చెరువులోనో వదులుతారు. నజఫ్‌గఢ్ కాలువ వెళ్లి యమునలో కలుస్తుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చేప 2020లో వారణాసి దగ్గర గంగలో దొరికింది. మన తెలుగు రాష్ట్రాల్లో దీన్ని డెవిల్ ఫిష్ అంటున్నారు. దాని ఒంటి మీది గట్టి ముళ్ల పలకలు వలల్ని చింపేస్తాయి. అది గట్ల మట్టిలో బొరియలు చేస్తుంది, దాన్ని కొనేవాళ్లూ ఉండరు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన డీఎన్ఏను పరీక్షించి తూర్పు కనుమల జలాశయాల్లో దీని జాడ పట్టారు. దీనివల్ల నష్టపోతున్నది వల మీద బతికే మన మత్స్యకారులు. ‘పెంచలేకపోతే దుకాణానికి తిరిగి ఇవ్వండి, నీళ్లలో వదలకండి’ అన్న వాక్యం కరపత్రంలో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండాలి. దుకాణదారు తిరిగి తీసుకోవడానికీ ఒప్పుకోవాలి.

మిగతావి క్లుప్తంగా. చేప ఎప్పుడూ ఆకలిగానే కనిపిస్తుంది, అడిగినప్పుడల్లా వేయకూడదు. రోజుకు ఒకటి రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేంతే వేయాలి. బ్రెడ్డు, పిండి ముద్దలు, మరమరాలు వద్దు. నీలం మందు అన్ని రోగాలకూ పనిచేయదు, పైగా మేలు చేసే బ్యాక్టీరియాను చంపుతుంది. గులాబీ, పచ్చ రంగుల గాజు చేపలకు ఆ రంగు సూదితో ఎక్కించింది, వాటిని కొనకండి. సముద్రపు గుర్రాలు, ఇక్కడి నదుల తాబేలు పిల్లలు ‘ప్రత్యేకంగా తెప్పిస్తాం’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సముద్రపు గుర్రాలన్నిటికీ, రూఫ్డ్ టర్టిల్ వంటి మన నదుల తాబేళ్లకూ వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది.

ఇక కాగితం సంగతి. ఒకే షీటు, మడిచి జేబులో పెట్టుకునేంత చాలు. ఒక వైపు హిందీ, రెండో వైపు ఇంగ్లీషు. తెలుగు ప్రతి మన సొసైటీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగినా మేలే. కొన్న చేప పేరు, పూర్తిగా పెరిగాక దాని పొడవు, దానికి కావలసిన వేడి, బతికే ఏళ్లు దుకాణదారు చేత్తో నింపడానికి ఖాళీ గీతలు ఉండాలి. పక్కన స్కేలు గీసి ఉంటే పిల్లలు కూడా కొలిచి చూసుకుంటారు. అన్నిటికన్నా ముఖ్యం, ఈ కాగితం బిల్లుతో పాటు కాకుండా బేరానికి ముందే చేతికి రావాలి. చేప సంచిలో పడ్డాక చదివి ఎవరూ వెనక్కి ఇవ్వరు.

మీ దుకాణంలో అలాంటి కాగితం లేకపోతే నోటితో అడగండి: ఇది ఎంత పెరుగుతుంది? మా నీళ్లకు, మా చలికి ఆగుతుందా? పెంచలేకపోతే తిరిగి తీసుకుంటారా? ఈ మూడింటికీ జవాబు చెప్పలేని చోట ఆ రోజు చేప కొనకండి.