పటం మీద గీత ఎవరు గీశారు?

రండర్రా, అరుగు మీదికి రండి. చిన్నదాన్ని గోడవైపు కూర్చోబెట్టండి, కునుకొస్తే జారిపడుతుంది. ఇవాళ ముందొక పొడుపుకథ. భద్రాచలంలో ఒకావిడ 1945లో పుట్టిందనుకోండి. పుట్టిన వీధిలోనే పెరిగింది, ఆ వీధి కుర్రాణ్ణే చేసుకుంది, ఇవాళ్టికీ అక్కడే మునిమనవల్ని ఆడిస్తోంది. ఊరు దాటి ఎక్కడా కాపరం పెట్టలేదు. అయినా ఆవిడ నాలుగు రాష్ట్రాల్లో, మూడు జిల్లాల్లో బతికింది. ఎట్లాగో చెప్పండి చూద్దాం!

తెలియలేదా? సరే, నేనే విప్పుతాను. ఆవిడ పుట్టేనాటికి భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో, తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే అందులోకి వచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది. 1959లో భద్రాచలాన్ని తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో తెలంగాణ వచ్చింది. 2016 దసరానాడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పుట్టింది. ఆవిడ వాకిట్లో ముగ్గేసుకుంటూనే ఉంది, చుట్టూ పటం మారిపోతూనే ఉంది.

ఆవిడ తాతముత్తాతల సంగతి ఇంకా చిత్రం. 1860 దాకా ఆ ఊరు నిజాం నవాబుగారిది. తరవాత ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చి, కొన్నాళ్ళు నాగపూరు నుంచి పాలించే సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంది. 1874లో మద్రాసువాళ్ళకి అప్పగించారు. గోదారికి ఆవలి ఒడ్డున ఉన్న బూర్గంపాడు మాత్రం 1948 దాకా నిజాం రాజ్యంలోనే ఉండిపోయింది. అంటే ఆ రోజుల్లో పడవెక్కి రేవు దాటితే రాజ్యం మారిపోయేదర్రా! అటువైపు హాలీ సిక్కా రూపాయి, ఇటువైపు ఇంగ్లీషువాళ్ళ రూపాయి. ఇప్పుడు మీరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని గోదారిలో చిల్లర విసిరే వంతెన 1965లో గానీ రాలేదు.

"మరి ఆ గీత ఎక్కడుంది తాతయ్యా, కనపడదేం?" అంటారు మీరు. భద్రాచలంలో చర్ల బస్సెక్కండి. ఊరు దాటగానే ఆంధ్రప్రదేశ్ పంచాయతీలు వస్తాయి. కాస్సేపటికి దుమ్ముగూడెం మండలంలోకి, అంటే మళ్ళీ తెలంగాణలోకి వచ్చేస్తాం. రోడ్డు అదే, పొలాలు అవే, ఇప్పచెట్లు అవే. పోలవరం ఆనకట్ట కడితే నీళ్ళు వెనక్కి తన్ని మునిగే ఊళ్ళున్నాయని చెప్పి 2014లో ఈ చుట్టుపక్కల మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం ఊరు మాత్రం ఇటే ఉండిపోయింది. మనుషులు గీసిన ప్రతి గీత వెనకా ఇట్లాంటి కారణం ఒకటి ఉంటుంది. సాంఘికశాస్త్రం పుస్తకం తెరిచినప్పుడు ఆ కారణం కోసం వెతకండి, అప్పుడు సంవత్సరాలు బట్టీ పట్టక్కర్లేదు.

ఇంకాస్త తూర్పుకి, చింతూరు దాటి వెళ్తే ఇంకా బాగుంటుంది. అక్కడ ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా మూడూ ఒకేచోట కలుస్తాయి. ఛత్తీస్‌గఢ్ కూడా మొన్నమొన్నటిదే, 2000లో మధ్యప్రదేశ్ నుంచి విడిపోయింది. అయితే కోయవాళ్ళ గూడేలు ఈ గీతలన్నిటికీ అటూ ఇటూ ఉన్నాయి. ఒక రాష్ట్రంలో అత్తిల్లు, ఇంకో రాష్ట్రంలో పుట్టిల్లు. బడిలో ఒకచోట తెలుగు, ఒకచోట హిందీ, ఒకచోట ఒడియా చదువుతారు. ఇంటికొస్తే అందరికీ కోయ మాటే. గీతలు గీయకముందు నుంచీ ఉన్న చుట్టరికాలు అవి.

ఇప్పుడు నేల తనంతట తాను గీసుకున్న గీత సంగతి చెప్తాను. అదే మన గోదారి. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో, బ్రహ్మగిరి కొండ మీద పుడుతుంది. అక్కణ్ణుంచి అరేబియా సముద్రం 80 కిలోమీటర్లే. మరి పక్కనున్న సముద్రాన్ని వదిలేసి, 1465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో ఎందుకు కలుస్తుంది? లోపలికి వెళ్ళి నాయనమ్మ బియ్యం చెరిగే చేట పట్రండి. చూశారా, దీనికి వెనకవైపు ఎత్తుగా అంచుంది, ముందువైపు ఏమీ లేదు. వెనకవైపు కాస్త పైకెత్తి పట్టుకుని చెంబెడు నీళ్ళు పొయ్యండి. ఎటు పోయాయి? ముందుకే కదా! మన దక్కను పీఠభూమి అచ్చం ఇంతే. పడమట పశ్చిమ కనుమలు ఎత్తుగా లేచి ఉంటాయి, నేల తూర్పుకి వాలి ఉంటుంది. కృష్ణా అట్లా పారేదే, కావేరీ అట్లా పారేదే.

ఈ వాలు తెలిస్తే గోదారి వరద కూడా అర్థమవుతుంది. ఒక్కోసారి భద్రాచలంలో ఎండ కాస్తూ ఉంటుంది, చినుకన్నది పడదు. అయినా నది గంటగంటకీ పెరుగుతుంది. ఎందుకంటే ఆ నీళ్ళు ఇక్కడివి కావు. నాగపూరు వైపు కురిసిన వాన వైన్‌గంగలోంచి ప్రాణహితలోకి, అక్కణ్ణుంచి కాళేశ్వరం దగ్గర గోదారిలోకి వస్తుంది. ఒడిశా కొండల వాన ఇంద్రావతి మోసుకొస్తుంది. దేశంలో దాదాపు పదో వంతు నేల మీద పడ్డ చినుకులకి దారి ఈ ఒక్క నదే. ఆ చినుకుల్లో చాలా భాగం నైరుతి గాలి ఎక్కడో దూరాన హిందూ మహాసముద్రం మీంచి ఎత్తుకొచ్చినవే. మీరు స్నానఘట్టం మెట్ల మీద కాళ్ళు తడుపుకునే నీళ్ళు అంత లోకం తిరిగొచ్చాయి!

అందుకే అక్కడ నీటిమట్టాన్ని రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉంటారు. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. అంతకు మించి అక్కడ ఎప్పుడూ నమోదు కాలేదు. 2022 జులైలో మళ్ళీ 71 అడుగులు దాటింది. కిందనేమో కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. అది కూడా పొంగితే గోదారి నీళ్ళకి దారి దొరకదు, వెనక్కి ఎక్కుతాయి. శబరి ఎగపోటు వేస్తోందంటారు మనవాళ్ళు. ఆ మాట వినగానే లంకల్లోవాళ్ళు గొడ్లని విప్పి మెరక మీదికి తోలతారు. అంతటి భూగోళశాస్త్రం వాళ్ళు ఏ పుస్తకంలోనూ చదవలేదు, నదిని చూసి నేర్చుకున్నారు.

పెద్దాడు అడుగుతున్నాడు, నేల గీసిన గీతైనా మారకుండా ఉంటుందా అని. మంచి ప్రశ్నరా నాన్నా! నేలా కదులుతుంది. సాక్ష్యం మన బొగ్గే. 1871లో విలియం కింగ్ అనే ఆయన ఇల్లెందు దగ్గర ఈ బొగ్గుని కనిపెట్టాడు. అందుకే ఆ ఊరికి బొగ్గుట్ట అనే పేరుంది. దగ్గర్లోని సింగరేణి పల్లె పేరే తరవాత కంపెనీకి వచ్చింది. ఆ బొగ్గంతా పాతిక కోట్ల ఏళ్ళకు పైగా పాతబడ్డ అడవి. బురదలో కూరుకుపోయి, మీద మట్టి పేరుకుని, నొక్కుకుపోయి నల్లరాయి అయింది. ఆ పొరల్లో నాలుక ఆకారంలో ఆకుల అచ్చులు కనపడతాయి. గ్లాసోప్టెరిస్ అంటారు ఆ చెట్టుని.

ఇప్పుడు చెవులు రిక్కించి వినండి. 1912లో స్కాట్ అనే ఇంగ్లండు నావికుడు దక్షిణ ధ్రువం దాకా వెళ్ళి, తిరిగొస్తూ మంచులోనే తన వాళ్ళతో పాటు చనిపోయాడు. ఎనిమిది నెలల తరవాత వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకి శరీరాల పక్కన రాళ్ళ మూట దొరికింది. అడుగు తీసి అడుగు వెయ్యలేని స్థితిలో కూడా వాళ్ళు ఆ రాళ్ళని పారెయ్యలేదు, పదహారు కిలోల బరువు లాక్కొచ్చారు. ఆ రాళ్ళలో ఏముందో తెలుసా? గ్లాసోప్టెరిస్ ఆకులు! మన కొత్తగూడెం బొగ్గులో ఉన్న జాతి చెట్టే, గడ్డి కూడా సరిగా మొలవని అంటార్కిటికాలో.

ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో కూడా అవే ఆకులు దొరికాయి. ఒకప్పుడు ఈ ఖండాలన్నీ మనతో అతుక్కుని ఒకటే నేలగా ఉండేవి. దానికి గోండుల దేశం పేరు మీద గోండ్వానా అని పేరు పెట్టారు. మన కోయవాళ్ళకి దగ్గర చుట్టాలు ఆ గోండులు. తరవాత ఆ నేల ముక్కలైంది. మన ముక్క ఉత్తరానికి నడిచి నడిచి, ఇంచుమించు 5 కోట్ల ఏళ్ళ కిందట ఆసియాని గుద్దుకుంటే హిమాలయాలు లేచాయి. ఇప్పటికీ ఏడాదికి అయిదు సెంటీమీటర్ల చొప్పున జరుగుతూనే ఉన్నాం.

రేపు బడిలో గ్లోబు తీసి చూడండి. అంటార్కిటికా అట్టడుగున, పీట వైపు ఉంటుంది, మామూలుగా కనపడదు. టీచరమ్మని అడిగి గ్లోబు పైకెత్తి చూడండి.