ఎగువన వాన, దిగువన వరద

నందిపేట ఆకాశంలో మబ్బుతునక లేకపోయినా నందిపేట పొలాల్లోకి నీళ్లు రావచ్చు. గోదావరి ఒడ్డున కాపురమంటే ఇదే మరి! ఎక్కడో నాసిక్ దగ్గర పుట్టిన నది, మహారాష్ట్ర వానలన్నీ మూటగట్టుకుని, కందకుర్తిలో మంజీరను కలుపుకుని మన దగ్గరికి వస్తుంది. దిగువన పోచంపాడు ఆనకట్ట. 1963 జూలై 26న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆ శ్రీరాంసాగరు 1091 అడుగులకు నిండిందంటే, వెనుక జలాలు ఒడ్డు పొలాల గట్లెక్కుతాయి.

ఆపద వేళ కేంద్ర ప్రభుత్వం అంటే మనకు ముందుగా తోచేవి పడవలూ, హెలికాప్టర్లూ. అవీ కావలసినవే. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు అధికార లెక్కల్లోనే సుమారు 10,000 మంది పోయారు. విపత్తు నిర్వహణకంటూ దేశానికొక చట్టం మాత్రం 2005లో గాని రాలేదు. దాని ప్రకారం ఢిల్లీలో ప్రధాని, రాష్ట్రంలో ముఖ్యమంత్రి, జిల్లాలో కలెక్టరు బాధ్యులు. మరుసటి ఏడు జాతీయ విపత్తు స్పందన దళం ఏర్పడింది.

కాని పడవకన్నా ముందు రావలసింది కబురు. వరదకు రాష్ట్ర సరిహద్దు తెలియదు. నాందేడులో నీరెంత పెరిగిందో మనవాళ్లు వెళ్లి కొలవలేరు. ఆ పని కేంద్ర జల సంఘానిది. ఇరుగుపొరుగు రాష్ట్రాల మధ్య పెద్దమనిషి పాత్ర కూడా దానిదే. బాభళీ బరాజు తగవులో 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, ఏటా జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలన్నది. పర్యవేక్షణ సంఘంలో ఇరు రాష్ట్రాల ప్రతినిధులతోపాటు జల సంఘం ప్రతినిధికీ చోటిచ్చింది. తగవు నీటి వాటాకోసమే అనుకోండి. అయినా ఆ నాలుగు నెలలూ పైనుంచి వచ్చే నీరు సరాసరి మన మీదికే!

ఇంతకూ లక్ష క్యూసెక్కులంటే రైతుకేం బోధపడుతుంది? నీళ్లు ఏ గట్టుదాకా వస్తాయి, మోటారు ఏ వేళకు పైకి లాగాలి – అదీ అతనికి కావలసింది. ఢిల్లీ అంకెను ఊరి చాటింపుగా మార్చవలసినవారు తహసీలు కచేరీవారే.

ఇక నష్టపరిహారం. రాష్ట్ర విపత్తు నిధిలో కేంద్రం 75 పాళ్లు, రాష్ట్రం 25 పాళ్లు వేస్తాయి. కేంద్ర నిబంధన ప్రకారం పంట నూటికి 33 వంతులైనా పోవాలి. 2015కు ముందు 50 వంతులు పోవలసి ఉండేది. సడలింపు మంచిదే. అయితే నూటికి 30 వంతులు పోయినవాడి పేరు మాత్రం ఈనాటికీ ఆ జాబితా ఎక్కదు.