కృష్ణుడు దొరికాడు

చలికాలంలో శుక్రవారం సాయంత్రం బర్కాలో ఆంబోతుల కుమ్ములాట ఉందంటే ఊరంతా అక్కడే. రక్తం చిందదు, ఒకటి వెనుకంజ వేసిందంటే ఆట ముగిసినట్టే. ఆ జనం కేకలు విన్నప్పుడల్లా మాకు మాత్రం మన ఊరి పందిళ్ళలోని ‘వన్స్ మోర్’ గుర్తుకొస్తుంది. పద్యనాటకాల పిచ్చి అలాంటిది మరి!

మా తక్కిన సరదాలన్నీ మూన్నాళ్ళ ముచ్చటలే. కెమెరా కొన్నాం, అటకెక్కింది. గాలం కొన్నాం, చివరికి మార్కెట్లో చేపలు కొని ఇల్లు చేరాం. నిలిచింది పద్యం ఒక్కటే. పొద్దున్నే స్నానాల గదిలో మొదలై, కారులో సాగి, క్లినిక్ గుమ్మంలో బలవంతాన ఆగుతుంది. “పేషెంట్లు జడుసుకుంటారు” అని మా శ్రీమతి హెచ్చరిక.

ఈ పిచ్చితోనే మస్కట్‌లోని రాయల్ ఒపేరా హౌస్‌కూ వెళ్ళాం. 2011 అక్టోబరులో అది పుచీనీ రచించిన ‘తురాన్‌దోత్’తో ప్రారంభమైంది. మూడు చిక్కుప్రశ్నలు విప్పినవాణ్ణే పెళ్ళాడతానన్న రాకుమారి కథ. అచ్చం మన కాశీమజిలీ ధోరణే! మైకు లేకుండా హాలంతా వినిపించేలా పాడడం ఒపేరావారి విద్య. మైకులు రాకముందు మన నటులు చేసిందీ అదే కదా! 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ ఆడిన నాటి నుంచి ఎన్ని గొంతులు! తిరుపతి వేంకటకవుల నాటకాల్లో పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు గార్లు కృష్ణులై రాగం తీస్తే జనం ఊపిరి బిగబట్టేవారు.

అందుకే ఈ ఉగాదికి రాయబారం సీను వేయాలని, కృష్ణుడి వేషం మేమే కట్టాలని ఉబలాటపడ్డాం. అట్టతో కిరీటం కూడా సిద్ధమైంది.

ఇంతలో ఒకరోజు క్లినిక్‌లో మందులు రాస్తూ పరధ్యానంగా పద్యం అందుకున్నాం. ఎదుట కూర్చున్నాయన తాపీమేస్త్రీ, కోనసీమవారు. కాసేపు ఓర్చుకుని, “ఏమీ అనుకోకండి డాక్టరుగారూ, రాగం అక్కడ అంత తొందరగా వదిలేయకూడదండీ” అన్నారు. ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో పదేళ్ళు కృష్ణుడు కట్టారట. పాడమన్నాం. సిమెంటుకు పగిలిన చేతులు చాచి పాడారు. బయట వరుసలో ఉన్న ఒమానీ పెద్దాయన తలుపు తోసుకు వచ్చి, తన జబ్బు మాట మరిచి, నిలబడి విన్నారు.

“ఎనిమిదేళ్ళుగా ఇక్కడుండి మన సంఘం పండుగలకు ఎప్పుడూ రాలేదేం?” అని అడిగాం.

“మమ్మల్ని ఎవరు పిలిచారండీ?”

కోపంగా అనలేదు. అందుకే మరీ గుచ్చుకుంది.

సభ్యులారా! ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాం. ఆయన తరఫున ఈ రాయబారం మాది. ఐదూళ్ళు అడగడం లేదు. ఒక్క వేషం, ఆయన తోటివారికి ముందు వరుసలో నాలుగు కుర్చీలు. క్యాంపు నుంచి తీసుకురావడానికి, తిరిగి దించడానికి మా కారు ఉంది. కిరీటం ఆయనకే ఇచ్చేశాం.

మరి మా సంగతంటారా? తెర లాగడానికీ ఒక మనిషి కావాలి కదా!