కొబ్బరినూనె మహిమా? కంచంలో తగ్గిన అన్నమా? కీటో అపోహలు, వాస్తవాలు

కీటో ప్రచారకుడు వీరమాచనేని రామకృష్ణ మాటలతో కొన్నేళ్ళ కిందట తెలుగునాట ఎందరో అన్నం మాని కొబ్బరినూనె తాగారు. చాలామంది బరువు తగ్గారు, షుగరు దిగింది; అది కాదనలేం. ఆ ఫలితాన్ని నూనె ఖాతాలో వేయడమే మొదటి అపోహ. పిండిపదార్థాలు రోజుకు 20 నుంచి 50 గ్రాములకు దిగితే కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు తయారుచేస్తుంది, ఒళ్ళు వాటితో నడుస్తుంది; కీటో అంటే ఇదే. అయితే తాగిన నూనె కూడా కొవ్వే, గ్రాముకు 9 కేలరీలు. మొదటి వారం తూకంలో తగ్గేది చాలావరకు నీరే: ఒంట్లో నిలవున్న గ్లైకోజెన్ తన బరువుకు దాదాపు మూడు రెట్ల నీటిని పట్టి ఉంచుతుంది, అది ఖర్చయితే నీరూ పోతుంది. ఆ తరవాత తగ్గేది ఆకలి మందగించి తిండి తగ్గినందువల్ల. 2018లో వెలువడిన స్టాన్‌ఫర్డ్ అధ్యయనంలో 609 మందిని ఏడాదిపాటు చూస్తే, పిండి తగ్గించినవాళ్ళూ కొవ్వు తగ్గించినవాళ్ళూ ఇంచుమించు ఒకేలా ఐదారు కిలోలు తగ్గారు. అది అచ్చమైన కీటో కాదు గాని, పిండి మానడంలోనే మహిమ ఉంటే ఆ మేరకైనా తేడా కనబడాలి కదా.

మరి మన పెద్దలు తిన్న జొన్నసంకటి కీటో తిండే కదా అంటారు. పెద్దలు జొన్న తిన్నది నిజమే. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథ కవి పేరిట పలనాటి జొన్నకూటి మీద చాటువులు నేటికీ వినబడతాయి. పలనాట వరి విస్తరించింది 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాకే. కాని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పట్టిక ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పిండిపదార్థాలు 68 గ్రాములు, బియ్యంలో 78. జొన్న గొప్ప పీచులో ఉంది, 10 గ్రాములు; బియ్యంలో మూడుకు లోపే. సంకటి మంచిదే, కీటో మాత్రం కాదు. అన్నం విషమూ కాదు. మన దేశంలో కేలరీల్లో అరవై శాతం పైగా పిండి నుంచే వస్తున్నాయి. దాన్ని యాభై దరిదాపులకు దించి, పప్పు వంటి మాంసకృత్తులు పెంచితే షుగరు అదుపుకు అది పెద్ద సాయమని భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్త సర్వే గణాంకాల మీద 2022లో వచ్చిన విశ్లేషణ చెప్పింది. చాలామందికి ఇదే సరిపోతుంది, ఏళ్ళ తరబడి నిలిచేదీ ఇదే.

అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం, కీటో మొదలుపెడితే మందులు సొంతంగా చూసుకోవచ్చన్నది. పిండి మాని గ్లిమెపిరైడ్ మాత్ర, ఇన్సులిన్ పాత మోతాదులోనే తీసుకుంటే షుగరు ఒక్కసారిగా పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు. టైప్-1 షుగరు ఉన్నవాళ్ళు ఇన్సులిన్ ఆపితే ప్రాణానికే ముప్పు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మాత్రలు వాడేవాళ్ళకు షుగరు అంతగా పెరగకుండానే రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ రావచ్చు. కీటోతో కొందరిలో చెడు కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది, మూత్రపిండాల్లో రాళ్ళు రావచ్చు. మూర్ఛ ఉన్న పసిపిల్లలకే ఇస్తున్నారు కదా, పెద్దవాళ్ళకు భయమెందుకని అడగవచ్చు. నిజమే, 1921లో మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ ఈ ఆహారాన్ని ప్రతిపాదించింది మూర్ఛకే. మందులకు లొంగని మూర్ఛకు ఇప్పటికీ వాడతారు. అక్కడ ప్రతి ముద్దా తూచి పెడతారు, రక్తపరీక్షలు చేస్తూ వైద్యుడూ పోషకాహార నిపుణుడూ వెన్నంటి ఉంటారు. ఆ కాపలా లేకుండా వీడియో చూసి మొదలుపెట్టడం ఆ వైద్యం కాదు. షుగరు మందులు వాడేవాళ్ళు మొదలుపెట్టకముందే డాక్టరు చేత మోతాదులు మార్పించుకోవాలి. మొదలుపెట్టాక వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే షుగరు మామూలుగా ఉందని ఇంట్లో కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్ళి కీటోన్ల పరీక్ష చేయమని అడగాలి.