ఆక్సలాటల్‌ను ఇంటికి తెచ్చుకునే ముందు

మైన్‌క్రాఫ్ట్ ఆడేవాళ్ళకు ఆక్సలాటల్‌ను పరిచయం చేయనక్కర్లేదు. 2021 నుంచి ఆ ఆటలో బకెట్లో వేసుకుని తిరిగే జీవి అదే. తలకు రెండువైపులా ఈకల్లా విచ్చుకున్న మొప్పలు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే నోరు చూసి మా తరగతిలో చాలామందికి ఒకటి కొనుక్కోవాలనిపించింది. అందుకే దాని గురించి చదివి, మాలో మేము వాదించుకుని, తెలిసింది ఇక్కడ రాస్తున్నాం.

చాలామంది దీన్ని చేప అనుకుంటారు. నిజానికి ఇది సాలమాండర్, అంటే కప్పలాగే ఉభయచరం. తోకకప్ప పెరిగి కప్పయి గట్టెక్కుతుంది కదా! ఆక్సలాటల్ మాత్రం గుడ్లు పెట్టే వయసు వచ్చినా మొప్పలు వదలదు, నీళ్ళూ వదలదు. కాలు తెగినా మళ్ళీ మొలిపించుకుంటుంది.

దీని సొంత ఊరు మెక్సికో నగరంలోని సోచిమిల్కో కాలువలు. సముద్రమట్టానికి రెండువేల మీటర్ల కన్నా ఎత్తున ఉన్న చల్లని చోటు అది. ఈ ఒక్క విషయం గుర్తుంటే పెంపకం సగం అర్థమైనట్టే. 16 నుంచి 18 డిగ్రీల నీళ్ళు దానికి హాయి. 20 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. 24 దాటిన నీళ్ళలో రోజుల తరబడి ఉంటే జబ్బుపడి చనిపోవచ్చు. మే నెలలో విజయవాడలోనో నాగపూర్‌లోనో మిద్దెమీది ట్యాంకు నీళ్ళు ఎలా కాలుతుంటాయో మనకు తెలుసు. ఫ్యాను పెడితే తగ్గేది కొద్ది డిగ్రీలే. ఐసు సీసాలు వేస్తే కాసేపు చల్లబడి మళ్ళీ వేడెక్కుతాయి, ఆ ఎగుడుదిగుడు కూడా దానికి పడదు. కాబట్టి నీళ్ళను చల్లబరిచే చిల్లర్ తప్పదు. పేరు చిల్లర్ గానీ ఖర్చు చిల్లర కాదు! మరి కరెంటు పోతే? ఈ ప్రశ్న దగ్గరే మాలో చాలామంది వెనక్కి తగ్గారు.

అయినా తెచ్చుకుంటామనేవాళ్ళు ముందు నీళ్ళు సిద్ధం చేయాలి. ఒక్కదానికి కనీసం 75 లీటర్ల తొట్టి, నీటిని మెల్లగా తిప్పే ఫిల్టరు ఉండాలి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ పోగొట్టే మందు కలపాలి. జంతువు విసర్జించే అమ్మోనియా విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. దానితో ప్రమాదం తక్కువ, వారం వారం కొంత నీరు మారిస్తే సరిపోతుంది. మనం మార్కుల కోసం చదివే నత్రజని వలయమే ఇక్కడ ఒక ప్రాణాన్ని నిలబెడుతుంది. ఈ బాక్టీరియా ఫిల్టరులో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టినీ ఆక్సలాటల్‌నూ ఒకేరోజు ఇస్తామని దుకాణంవాళ్ళు అంటే వద్దనాలి.

అడుగున గులకరాళ్ళు వేయకూడదు. అది నోరు తెరిచి నీళ్ళతో సహా తిండిని లోపలికి లాగేస్తుంది, రాళ్ళు పేగుల్లో అడ్డుపడతాయి. సన్నని ఇసుక మేలు. పురుగుమందులు తగలని వానపాములు దానికి మంచి భోజనం. కనురెప్పలు లేవు కాబట్టి వెలుతురు తక్కువగా ఉండాలి, దాక్కోవడానికి ఒక చాటు కావాలి. చేత్తో పట్టుకుని ముద్దుచేసే జంతువు కాదిది.

కాగితాల సంగతి కూడా ఉంది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ జాబితాలో ఆక్సలాటల్ ఉంది. 2022లో సవరించిన మన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అలాంటి ప్రాణి దగ్గరుంటే ప్రభుత్వానికి తెలిపి నమోదు చేయించాలి.

సోచిమిల్కోలో 1998లో చదరపు కిలోమీటరుకు దాదాపు 6,000 ఆక్సలాటల్‌లు ఉండేవి. 2014 నాటికి 36 మిగిలాయి. మురుగునీటితో పాటు, బయటినుంచి తెచ్చి వదిలిన తిలాపియా, కార్ప్ చేపలూ ఇందుకు కారణం. విసుగొచ్చిందని మనం మన జంతువును ఊరి చెరువులో వదలడం కూడా అలాంటి పనే.

ఇది పది పదిహేనేళ్ళు బతుకుతుంది. ఎనిమిదో తరగతిలో తెచ్చుకుంటే మన డిగ్రీ అయ్యాక కూడా ఉండవచ్చు. ఈలోగా అమ్మకో నాన్నకో బదిలీ వస్తే తొట్టి, చిల్లర్, రెండు రోజుల రైలు ప్రయాణంలో చల్లని నీళ్ళు, ఇవన్నీ ఎవరు చూసుకుంటారో ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.