ఎస్ప్రెసోకు తగిన కాఫీ మర

హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు మార్గమున సుమారు 30 కిలోమీటర్ల దూరములో ఇబ్రహీంపట్నము కలదు. కుతుబ్‌షాహీల నాటి పెద్ద చెరువు వలన ప్రసిద్ధికెక్కిన యీ ఊరును, చుట్టుప్రక్కల పల్లెలును మొదటి నుండి చాయ్ త్రాగెడి సీమ. అట్టి చోట కూడ నేడు కొన్ని యిండ్ల వంటగదులలో ఎస్ప్రెసో యంత్రములు వెలసినవి. నగరపు కాఫీశాలలలో ఆ రుచి మరగిన పిల్లలు కొని తెచ్చుకొన్నవి కొన్ని, అమెరికా నుండి వచ్చిన కూతుళ్లును అల్లుళ్లును బహూకరించినవి కొన్ని. నెల తిరుగకముందే ఆ యిండ్ల వారు చెప్పు మాట మాత్రము ఒక్కటే: "వేలకు వేలు పోసితిమి, కాఫీ నీళ్లవలె వచ్చుచున్నది." లోపము సాధారణముగా యంత్రములో ఉండదు, పొడిలో ఉండును. కావున యంత్రమునకు ముందే ఆలోచింపవలసినది గింజలను పొడిచేయు మరను గూర్చి.

ఎస్ప్రెసో అనునది ఇటలీ దేశపు పద్ధతి. 1884లో ట్యూరిన్ నగరమున ఆంజెలో మొరియోండో అను నాతడు ఆవిరితో కాఫీ తీయు యంత్రమునకు పేటెంటు పొందెను. ఆవిరికి బదులు ముషలకముతో వేడినీటిని గట్టిగా నొక్కి, పైన మీగడవంటి నురుగు తేలునట్లు చేసిన కీర్తి మిలాన్ వాడైన అకిల్లే గాజియాది. ఆ యంత్రములు రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప వ్యాప్తిలోనికి వచ్చినవి. నేడు లోకమంతట వాడుకలోనున్న లెక్క సుమారుగా ఇది: 18 గ్రాముల పొడి, 90 మొదలు 96 డిగ్రీల వరకు వేడిగల నీరు, వాతావరణ పీడనమునకు తొమ్మిది రెట్ల ఒత్తిడి, 25 మొదలు 30 సెకండ్ల కాలము, గిన్నెలో పడవలసిన కాఫీ 36 గ్రాములు.

ఈ లెక్కలో మొదటి మూడును మన చేతిలోనివే. ఒత్తిడిని యంత్రము చూచుకొనును, వేడిని యంత్రము చూచుకొనును, పొడిని త్రాసు చూచుకొనును. కాలమును మాత్రము పొడియొక్క మెత్తదనమే నిర్ణయించును. పొడి బరకైనచో నీరు అడ్డులేక పది సెకండ్లలో ఉరుకును. కాఫీ పుల్లగా, పలుచగా ఉండును. మిక్కిలి మెత్తనైనచో నీరు దిగనే దిగదు. దిగిన నాలుగు చుక్కలును చేదు. ఇక్కడ ఒక చిత్రము కలదు. 2020లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, పొడి మితిమీరి మెత్తనైనచో నీరు కొంత భాగమును తాకకయే ప్రక్కదారి పట్టుననియు, సారము పెరుగుటకు మారుగా తరుగుననియు తేలినది. కావున "ఎంత మెత్తనైన అంత మంచిది" అను మాట నమ్మదగినది కాదు.

మన యిత్తడి ఫిల్టరు ఇంత పట్టుదల గలది కాదు. అందులో నీరు తన బరువుతోనే మెల్లగా దిగును. పొడి కొంచెము బరకైనను, మెత్తనైనను డికాక్షను రెండు నిమిషములు ముందో వెనుకో దిగును. అందుచేతనే కాఫీపొడి కొట్టులో కావలసిన పాళ్లలో కలిపి విసరించుకొని వచ్చిన పొడితో మనకు తరతరములుగా జరిగిపోయినది. ఎస్ప్రెసోకు ఆ సౌలభ్యము లేదు. పొడి విసరిన కొన్ని నిమిషములకే దాని పరిమళము ఎగిరిపోవ నారంభించును. అంతకుమించి, కొట్టువాడు విసరిన మెత్తదనము మన యంత్రమునకు సరిపడనిచో దానిని మార్చుకొను మార్గము లేదు.

ఇక మరలోని పనితనము. దానిని తెలిసికొనుటకు పుస్తకములు అక్కరలేదు, తిరగలి చాలును. తెలంగాణమున ఇసుర్రాయి అందురు. క్రింది రాయి కదలదు, పై రాయి తిరుగును, గింజ రెంటి నడుమ నలుగును. నడిమి సందు ఎక్కువైన రవ్వ, తక్కువైన పిండి. రాళ్లు అరిగినప్పుడు కక్కు కొట్టించుటయు మన పెద్దలకు తెలిసినదే. కాఫీ మరలో రాళ్లకు బదులు ఉక్కుతోనో, పింగాణితోనో చేసిన పండ్ల చక్రములు రెండుండును. అంగడిలో వీనిని బర్ అందురు. మిక్సీ జాతి వేరు. అది విసరదు, నరుకును. బ్లేడునకు చిక్కిన ముక్క మరల మరల నలిగి దుమ్మగును. చిక్కనిది పలుకుగానే నిలుచును. ఒక్క గిన్నెలోనే దుమ్మును పలుకును ఉండుటచే ఒక్క గ్రుక్కలోనే చేదును పులుపును తగులును. కావున బ్లేడుగల చిన్న మరలు ఎంత చౌకయైనను ఎస్ప్రెసోకు పనికిరావు.

పండ్ల చక్రములలో శంఖాకారపువి, బల్లపరుపువి అని రెండు తెగలు కలవు. వీని రుచిభేదములను గూర్చి రసికులు గంటలతరబడి వాదించుకొందురు. ఇంటికి కొనువారు ఆ వాదము జోలికి పోనక్కరలేదు. చూడవలసినది వేరొకటి: నడిమి సందును ఎంత సన్నగా మార్చవచ్చును? కొన్ని మరలలో మెట్లు మెట్లుగా తిరుగును. ఒక మెట్టున కాఫీ 18 సెకండ్లలోను, తరువాతి మెట్టున 45 సెకండ్లలోను దిగినచో, మనకు కావలసిన 28 సెకండ్లు ఆ రెండు మెట్ల నడుమ చిక్కుకొనిపోవును. అట్టి మర ఫిల్టరు కాఫీకి బంగారమైనను ఎస్ప్రెసోకు నిరుపయోగము. మెట్లు లేకుండ రేడియో ముల్లు వలె ఎక్కడనైనను నిలుచునదియో, మెట్లు మిక్కిలి దగ్గరగా ఉన్నదియో కావలెను. అంగడివానిని మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఇదే. చక్రము చేతితో కదిలించిన అటునిటు ఊగకుండవలెననునది రెండవది.

చేతిమరయా, విద్యుత్తు మరయా? ఇంట త్రాగువారు ఇద్దరే అయినచో నా ఓటు చేతిమరకే. ఒకే ధరలో చేతిమరకు మోటారు ఖర్చు లేదు గనుక ఆ సొమ్మంతయు చక్రముల మీదికి పోవును. 18 గ్రాములు విసరుటకు ఇంచుమించు ఒక నిమిషము పట్టును. మోచేయి నొప్పి గలవారికి ఆ నిమిషమే బరువు. బంధువులు నిండుగా వచ్చి ఆరు గిన్నెలు వరుసగా తీయవలసిన యింటికి మోటారుదే మేలు. లేతగా వేచిన గింజ గట్టిగా ఉండును, ముదురుగా వేచినది పెళుసుగా విరుగును. లేతవేపు ఇష్టపడువారు మోటారు శక్తిని మరింత జాగ్రత్తగా చూచుకొనవలెను.

విదేశమునుండి తెప్పించుకొనువారికి ఒక హెచ్చరిక. అమెరికాలో ఇంటి విద్యుత్తు 120 వోల్టులు, 60 సైకిళ్లు. మనది 230 వోల్టులు, 50 సైకిళ్లు. అల్లుడు డాలస్ నుండి పెట్టెలో తెచ్చిన మరను నేరుగా ప్లగ్గులో పెట్టిన క్షణమున మోటారు కాలిపోవచ్చును. అడుగున అతికించిన చీటీ చదువనిదే మీట నొక్కరాదు. ఆ దేశపు మర చేతిమరయైనచో ఏ చిక్కును లేదు. మరొక సంగతి మా వృత్తికి సంబంధించినది: బ్రష్షులుగల మోటారు నిప్పురవ్వలు చిమ్ముచు తిరుగును గనుక మధ్యతరంగములపై వార్తలు వినుచున్నప్పుడు ప్రక్కగదిలో మర తిరిగినచో గరగర తప్ప మరేమియు వినబడదు.

వేసవిలో పొడిగాలికి కాఫీపొడి విద్యుదావేశము పొంది మర మూతికి, గోడలకు అంటుకొనును. తూచి వేసిన 18 గ్రాములలో ఒకటి రెండు గ్రాములు లోపలనే ఉండిపోవును. విసరుటకు ముందు గింజలపై ఒక్క నీటిచుక్క చిలకరించి కలిపిన ఈ బాధ తగ్గును. 2023లో ఒరెగాన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ప్రయోగములు చేసి ఈ చిట్కాకు ఆధారము చూపిరి. వానకాలమున ఈ బాధ తక్కువ, కాని గాలిలోని చెమ్మవలన సందును కొంచెము సవరించుకొనవలసి వచ్చును. కొత్త గింజల సంచి విప్పినప్పుడును అంతే.

గింజలకు దూరము పోనక్కరలేదు. తూర్పు కనుమలలో గిరిజన రైతులు చెట్లనీడన పండించు అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. సంచిపై వేచిన తేదీ ఉన్నదే కొనవలెను. వేచిన మరునాడు వాడిన లోపలి వాయువు పొంగి కాలము లెక్క తప్పును, వారము పది దినములు ఆగుట మేలు. చికోరీ కలిపిన పొడి ఫిల్టరునకే. అసలు, వారమునకొకసారి మాత్రమే ఎస్ప్రెసో త్రాగువారు మర కొననక్కరలేదు. యంత్రముతోపాటు వచ్చు రెండుగోడల జల్లెడ గిన్నెలో అంగడి పొడియే సరిపోవును. రుచి ఒక మెట్టు తగ్గును గాని సొమ్ము మిగులును.

మర యింటికి వచ్చిన మొదటి దినమున పావుకిలో గింజలు సవరింపులకే పోవునని ముందే తెలిసి ఉండవలెను. పొడి తూకమును మార్చక, సందును మాత్రము కొంచెము కొంచెముగా మార్చుచు, గడియారము చూచుచు పోవలెను. మోటారు మరలో బిగింపును మర తిరుగుచుండగనే చేయుట క్షేమము. ఆగియున్నప్పుడు చేసిన నడుమ చిక్కిన గింజలు చక్రములను పట్టివేయును. వారమునకొకమారు మెత్తని కుంచెతో దులుపవలెను, నీరు తగులనీయరాదు. శుభ్రమగునని కొందరు బియ్యము పోసి త్రిప్పుదురు. కాఫీగింజకన్న బియ్యము గట్టిది, చక్రములకును మోటారుకును చేటు. ధనియాలు, మిరియాలు అందులో విసరుదమని ఇంట ఎవరైన అన్నచో వెంటనే మిక్సీ చూపవలెను. ఒక్కమారు మిరియము తగిలిన మర ఆ వాసనను నెలల తరబడి విడువదు.